ఒకే తానులో చొక్కాలు

"నా కళ్లతో సూసినానే! ఇద్దరూ పక్కపక్కనే పారిపోనారు. ఇద్దరివీ ఆకుపచ్చ సొక్కాలే" అన్నాడు ధర్మ, ఆసుపత్రి మంచం మీంచి.

చెల్లెలు రత్నాలు మంచినీళ్ల గ్లాసు అందించింది. అతని చెయ్యి గ్లాసు పక్కనుంచి పోయింది. పాపం నీరసం అనుకుని ఆమే గ్లాసు చేతిలో పెట్టింది. కన్ను కింద ఎముక విరిగిందనీ, మర్నాడు ఆపరేషన్ చేసి చిన్న రేకు అమరుస్తామనీ విశాఖ డాక్టరు చెప్పాడు.

ధర్మ పాడేరు ఘాట్‌లో సర్వీసు జీపు తోలుతాడు. సంతరోజు తన కాఫీ బస్తాలు ఎక్కించుకోలేదని అదే ఊరి ఫల్గుణకు కోపం. మసక చీకట్లో ఘాట్ మలుపు దగ్గర ధర్మ జీపు దిగి తల తిప్పాడో లేదో, మొహాన కర్ర పడింది. కళ్లు తెరిచేసరికి పారిపోయే వీపులే కనిపించాయి.

"కొట్టింది నానే. మా తమ్ముడు ఆడికి రానేదు" అని ఫల్గుణ స్టేషన్లో ఒప్పుకున్నాడు. ఎవరు నమ్ముతారు? అన్నదమ్ములిద్దరూ పండక్కి ఒకే తానులో చొక్కాలు కుట్టించుకున్న సంగతి ఊరంతటికీ తెలుసు. తమ్ముణ్ని వెనకేసుకొస్తున్నాడన్నారు.

ఆ తమ్ముడు భీముడు. వచ్చే నెల రత్నాలు మెడలో తాళి కట్టాల్సినవాడు.

మొహం ఎవరూ చూడలేదని పోలీసులు వదిలేశాక, రోజూ క్యారేజీ పట్టుకుని విశాఖ బస్సెక్కి వచ్చేవాడు. ధర్మ ముట్టుకునేవాడు కాదు. ఆపరేషన్ అయ్యాక ఒకనాడు వరండాలో రత్నాలు నిలదీసింది.

"నిజం సెప్పు."

"నీ మీద ఒట్టు. ఆ యేళ నాను తోటలో కాఫీ పళ్లు కోత్తన్నాను."

"ఎవులు సూసినారు?"

"ఎవులూ నేరు."

"మరి మా అన్న కళ్లు అబద్దమాడతాయేటి?"

రత్నాలుకు ఏమీ పాలుపోలేదు. భీముడు అబద్ధమాడే మనిషి కాడు. అన్న అంతకన్నా కాడు. ఎంత ఆలోచించినా బుర్ర తిరిగిపోవడమే తప్ప దారి దొరకలేదు. చివరికి తోడబుట్టినవాణ్నే నమ్మింది. వేలికి అతను తొడిగిన ఉంగరం తీసి క్యారేజీ మూత మీద పెట్టి, "ఇంక రాకు" అంది. భీముడు మెట్లు దిగిపోయాడు. ఆ రాత్రంతా ఆమె ఏడుస్తూనే ఉంది.

మర్నాడు డాక్టరు కట్టు విప్పి వేలు చూపించాడు.

"ఎన్ని?"

"ఒకటే సారూ! ఒకటే!" ధర్మ మొహం వెలిగిపోయింది. "ఇంక జీపు తోలొచ్చా?"

"కొన్నాళ్లాగి తోలుదువుగాని. విరిగిన ఎముకలో కంటి కండ ఇరుక్కుంది కాబట్టే ఏది చూసినా నీకు రెండుగా కనిపించింది."

రత్నాలు తుళ్లిపడింది. "రెండా? నాకు సెప్పనేదేటన్నా?"

"జీపు తోలనివ్వరని బయ్యమేసి ఎవులికీ సెప్పనేదు. డాకటేరు బాబుకే సెప్పినాను."

"ఎప్పటికాణ్నుంచి?" అని అడిగింది రత్నాలు.

ధర్మ తడుముకోకుండా చెప్పాడు.

"దెబ్బ తగిలి కళ్లు తెరిసిన కాణ్నుంచే."