చుక్కలు లేని రింగు

బల్ల మీది రింగులో, పైన తిరుగుతున్న ఫ్యాను కనిపిస్తోంది. అంత నునుపు. మేనేజరు విజయ్ కుమార్ దాన్ని రెండు వేళ్లతో ఎత్తి వెలుతురుకు తిప్పాడు.

"చుక్కలేవి రామచంద్రా?"

"అరగదీసేసినాను సార్."

గుమ్మం దగ్గర పాల్ నిలబడి ఉన్నాడు. కుడిచేతికి మోచేయి దాకా కట్టు. రెండో చేతిని అతని భార్య రూతు పట్టుకుని ఉంది. పాల్ ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో ఈ గదిలోనే తేలాలి.

పాకాల దగ్గరి ఆ మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో రామచంద్ర ఫిట్టరు. పంపులోంచి గుజ్జు కారకుండా రెండు రింగులు మొహానికి మొహం ఆనుకుని ఉంటాయి. ఒకటి తిరుగుతుంది, ఒకటి కదలదు. సీలు అంటే అదే. ఆ మొహాలను పేస్టు వేసి అద్దంలా రుద్దడంలో రామచంద్ర చేతికి పేరుంది. పక్క ఫ్యాక్టరీల వాళ్లు కూడా రింగులు తెచ్చి ఇచ్చేవాళ్లు.

ఈ సీజనుకు కొత్త పంపు వచ్చింది. దాన్ని నడిపే పాల్ చెన్నైలో ట్రైనింగు చేసొచ్చి, మేనేజరుకు చెప్పి కొత్తరకం రింగు తెప్పించాడు. దాని మొహం నిండా లేజరుతో పొడిచిన సన్నటి చుక్కలు.

"ఏమప్పా, దీనికి అమ్మవారు పోసినట్టుండాదే," అన్నాడు రామచంద్ర.

అందరూ నవ్వారు. పాల్ కూడా నవ్వాడు.

"ఆ గుంటల్లోనే అన్నా నీళ్లు నిలబడేది. రెండు మొహాల నడుమ పలచటి పొర మాదిరి. అది ఉన్నంతవరకూ ఒకదాన్నొకటి తాకవు. నీకింక రుద్దే పని కూడా లేదు."

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. రామచంద్ర నవ్వలేదు. రింగు తీసుకుని బిగించడానికి వెళ్లాడు.

వారం తిరక్కముందే సీలు కాలి, జతలోని రెండో రింగు పగిలింది. మరిగే గుజ్జు పాల్ చేతి మీద చిమ్మింది. ఆ గొడవలో ఎవరెవరో పరుగెత్తుకొచ్చి అన్ని వాల్వులూ కట్టేశారు. సీలుకు నీళ్లిచ్చే వాల్వు అంతకుముందు తెరిచి ఉందో లేదో చెప్పగలిగినవాడు లేడు. పాల్ దాన్ని తిప్పకుండానే పంపు వేసి ఉంటాడని అంతా అనుకున్నారు.

రామచంద్ర ఆసుపత్రికి వెళ్లాడు. రూతు కమలాపండు ఒలిచి అతని చేతిలో పెట్టింది.

"తిప్పినట్టే గుర్తుండాది అన్నా," అన్నాడు పాల్, కప్పు వైపు చూస్తూ. "అందరూ తిప్పలేదంటా ఉంటే, తిప్పలేదేమో అనిపిస్తా ఉండాది."

రామచంద్ర పండు తొనను పళ్లెంలో పెట్టేశాడు. తన చేతిని తనే నమ్మలేని మనిషిని అంత దగ్గరగా చూడటం అతనికి అదే మొదలు. ఆనాటి నుంచి అన్నం కలుపుతుంటే వేళ్ల వైపు చూడబుద్ధి కాలేదు.

చివరికి, ప్రమాదం తర్వాత పంపులోంచి తను విప్పి దాచిన రింగుతో మేనేజరుండే ఈ గదికి వచ్చాడు.

"మొహం బాగలేదని, బిగించకముందే రుద్దేసినాను సార్. తెలీక చేసినాను. పాల్ తప్పేం లేదు."

"కాలిన రింగు ఇంత మెరుస్తా ఉండాదే?"

"మసి తుడిచి తెచ్చినా సార్."

విజయ్ కుమార్ రింగు కింద పెట్టాడు. "ఈ పంపు వేగానికి నునుపు పనికిరాదని చెప్పినాం కదప్పా. ఏం చేస్తాం, పాత చెయ్యి, ఊరుకోదు." రామచంద్రను మందలించి వదిలేశాడు. చెయ్యి మానగానే పనిలోకి రమ్మని పాల్‌తో చెప్పాడు.

వరండాలో పాల్ తన బాగున్న చేతితో రామచంద్ర చెయ్యి పట్టుకున్నాడు.

"ఒప్పుకునేదానికి ఎంత గుండె కావాల అన్నా. నేనైతే చెప్పుండను."

"ప్రభువు నిన్ను చల్లగా చూడాల," అంది రూతు కళ్లు తుడుచుకుంటూ.

రామచంద్ర చెయ్యి వెనక్కి తీసుకోబోయాడు. పాల్ వదల్లేదు.

అతను పట్టుకున్న ఆ చెయ్యే ఆనాడు ఎవరూ చూడకుండా నీళ్ల వాల్వు మూసింది, సీలు కాలిపోయాక కూడా రింగు మీద చెక్కుచెదరకుండా మిగిలిన చుక్కలను ఆ తర్వాతే అరగదీసింది.