ఇవ్వని తువ్వాల

ఆనాడు పట్టును కాపాడిందెవరు? పట్టుపురుగులు పెంచే ఆదెప్పకు ఏళ్లుగా ఇదే అనుమానం.

అప్పుడు దిల్లీలో ప్రభుత్వం కొత్తది. ప్రమాణం చేసిన నెలలోనే ఒక తూర్పు దేశపు మంత్రి దిగాడు. తమ పట్టుదారానికి సుంకం తీసేయమని అడుగుతాడట. కొత్తవాళ్లు కాదనలేరని టీవీలు చెప్పాయి.

ఆ మాటకే హిందూపురం మార్కెట్లో పట్టుగూళ్ల ధర పడిపోయింది.

పెనుకొండ టీకొట్టు టీవీలో ఆ మంత్రిని చూసి ఆదెప్ప పళ్లు కొరికాడు. "యాడి నుంచో వచ్చి మన దిల్లీని ఆడిస్తాండాడు చూడు!"

"మా ధర్మవరం బావమరిది మగ్గానికి దారం చవకైతాదిలే. ఏడవాకప్పా," అన్నాడు పక్కన టీ తాగుతున్న పాపన్న.

"రేపే మల్బరీ తోట పెరికేస్తా."

పెరకలేదు. సంతకాలైన ఒప్పందంలో పట్టు మాటే లేదు.

ఆంజనేయస్వామే కాపాడాడని ఆదెప్ప టెంకాయ కొట్టాడు.

"స్వామి దిల్లీకి ఏ రైలుకు పోయినాడబ్బా?" అని పాపన్న నవ్వాడు.

నవ్వులాటకు అన్నా, ఆ ప్రశ్న ఆదెప్ప మనసులో ఉండిపోయింది.

ఈ వేసవిలో పట్టు శాఖ అధికారి మంజులత ఒక విదేశీ యువతిని వెంటబెట్టుకొని వచ్చింది.

"ఈమె నాయన వయసులో ఉన్నప్పుడు ట్రైనింగుకు వచ్చి మీ ఇంట్లోనే ఉన్నాడంట. పోయినేడు చనిపోయినాడు. ఈ ఇల్లు చూడాలని వచ్చింది."

ఆదెప్ప ముఖం ముడుచుకుంది. "కళ్లద్దాలోడా! దోమల మందు పూసుకున్న చేత్తో ఆకేసి సగం పురుగుల్ని చంపినాడు. ఆ పొద్దే పంపించేస్తి."

"తువ్వాల కూడా ఇయ్యనీలేదు," అంది ఆదెప్ప భార్య గంగక్క లోపలి నుంచి.

పట్టుగూళ్లు అమ్మాక, ఆకేసిన ప్రతి మనిషికీ కొత్త తువ్వాల పెట్టడం ఆ ఇంటి ఆనవాయితీ.

"పురుగును చంపినోనికి తువ్వాలేందే?"

"చేతులు పగిలేదాకా ఆకు కోసినాడు గదా! పాపం, రాగి సంగటి మింగడం రాక నమిలేవాడు. నువ్వే గదా పక్కన కూర్చోని నేర్పించింది."

ఆదెప్పకు నవ్వు ఆగలేదు. "నేర్చుకునేసరికి నెయ్యంతా అయిపోయ!"

మంజులత ఇంగ్లీషులో చెబితే ఆ యువతి నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకొని ఏదో అంది.

"ఈమె నాయన ఒకటే అనేవాడంట," అంది మంజులత. "'ఆ ఇంటికి ఒకసారి నష్టం చేసినాను. రెండోసారి చెయ్యలేకపోయినాను' అని."

"రెండోసారేంది? మళ్లా ఈడికి రానేలేదే."

"ఈడికి కాదు. దిల్లీకొచ్చినాడు."

యువతి ఫోనులో ఫొటో చూపింది. అవే కళ్లద్దాలు. జుట్టు మాత్రం నెరిసింది.

"పట్టు సుంకం తీసేయమని అడిగుంటే దిల్లీ ఒప్పుకునేదే," అంది మంజులత. "అడిగేదానికని వచ్చి, అడగకుండా పోయినాడు."

ఆదెప్ప లోపలికి తిరిగాడు.

"గంగీ, అప్పుడు వానికని కొన్న తువ్వాల యాడుండాది?"

"పెట్టెలోనే ఉండాది."

పెనుకొండ టీకొట్లో తాను తిట్టిన మంత్రి కూతురి భుజం మీద, మడతలు పసుపెక్కిన ఆ తువ్వాలను ఆదెప్ప తన చేత్తోనే కప్పాడు.