తేలిన చుక్క

చుక్క మునగలేదు. గ్లాసులోని నీలం మందునీళ్ళ మీద అలా తేలుతూ ఉండిపోయింది.

"చుక్క తేలిందంటే రక్తం పల్చగా ఉన్నట్టమ్మా. నీ దగ్గర తీసుకోకూడదు. లే," అంది నర్సు.

కుర్చీలో కూర్చున్నామె లేవలేదు. బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టే మనిషి. నలభై దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. అక్కడందరూ కాలరక్క అంటారు. ఆ రోజు భోజనాల గదిలో బల్లలు ఓ పక్కకు జరిపి రక్తదాన శిబిరం పెట్టారు. తెర వెనక రెండు మంచాలు, తెర ముందు నర్సు, తలుపు బయటిదాకా వరస.

"ఇంకో వేలు గుచ్చి చూడండి సిస్టర్."

"ఏ వేలు గుచ్చినా వచ్చేది అదే రక్తం."

"కుడిచెయ్యి ఎప్పుడూ గుడ్డ తోస్తూనే ఉంటుంది, అలిసిపోయి ఉంటుంది. ఎడమచేతిది బాగుంటుందేమో."

నర్సు నుదురు కొట్టుకుని ఎడమచేతి వేలు గుచ్చింది. ఇద్దరూ గ్లాసులోకి వంగి చూశారు. ఆ చుక్కా తేలింది.

"చూశావా? నెలసరి ఎక్కువగా అవుతోందా?"

"అవుతుంది, ఆగుతుంది, మళ్ళీ అవుతుంది. దానికో పద్ధతీ పాడూ లేదు."

"మెట్లెక్కితే ఆయాసం వస్తుందా?"

"మెట్లదాకా నడిచేసరికే వచ్చేస్తుంది."

"నిద్ర?"

"చెమటలు పట్టి మెలకువ వచ్చేస్తుంది. ఎలాగూ లేచాను కదా అని గిన్నెలు తోమేస్తాను."

"ఇంట్లో చెప్పావా?"

"చెప్పకేం! మా అత్తగారు వయసు అంటుంది. మా ఆయన ఫోను చూడ్డం తగ్గించమంటాడు. మా అమ్మాయి ఆకుకూరలు తినమంటుంది, కోసి వండేది నేనే. ఇక్కడ మా లైన్ మేడమ్ అయితే వట్టి బద్ధకం అనేసింది."

నర్సుకు ఒళ్ళు మండింది. ఎవరి మీదో ఆమెకే సరిగ్గా తెలియలేదు.

"వాళ్ళ మాటలు పక్కన పెట్టు. నెలసరి ఆగిపోయే వయసు దగ్గరపడేటప్పుడు కొందరికి ఇలా మితిమీరి అవుతుంది. రక్తంతోపాటు ఒంట్లో ఇనుమూ పోతుంది. నీరసం దానివల్ల కావచ్చు, థైరాయిడ్ వల్ల కావచ్చు, ఇంకేదైనా కావచ్చు. డాక్టరు చూస్తేగానీ తెలియదు. ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు ఆ మిషను మీదే పడిపోతావు. అర్థమైందా? ఇక లే."

"అలాగే చూపించుకుంటాను. ముందు నా రక్తం తీసుకోండి."

"అక్కా, రక్తం ఇస్తావా, అక్కడే ఇల్లు కట్టుకుంటావా?" అని వరసలోంచి ఎవరో అరిచారు. నలుగురు నవ్వారు.

నర్సు పక్కనున్న కవరు తీసి ఆమె ఒళ్ళో పెట్టింది. "దీనికోసమా? పళ్ళూ బిస్కెట్లే. తీసుకుని వెళ్ళు తల్లీ."

కాలరక్క కవరు బల్ల మీద పెట్టేసింది.

"మీవాళ్ళెవరికైనా రక్తం అవసరమా?"

"లేదు."

"మరి నా ప్రాణాలెందుకు తోడేస్తున్నావమ్మా?"

కాలరక్క కుర్చీ ముందుకు జరుపుకుంది. వరసలోవాళ్ళకు వినిపించకుండా గొంతు తగ్గించింది.

"ఇచ్చినవాళ్ళను కాసేపు కదలకుండా పడుకోమంటున్నారు కదా సిస్టర్. పొద్దుటినుంచీ చూస్తున్నాను. వాళ్ళనెవరూ లేపడంలేదు. ఇంట్లో నేను పగలు నడుం వాలిస్తే ఏమైందని వస్తారు. ఏమీ కాలేదంటే, అయితే లే అంటారు. సూది వద్దనుకుంటే మానెయ్యండి. ఆ మంచం చాలు."

నర్సు పెన్ను పక్కన పెట్టి, తెర వైపు ఓసారి చూసింది.

"రేపు డాక్టరు దగ్గరికి వెళ్తానంటేనే."

"మా అమ్మాయి మీద ఒట్టు."

తెర వెనక మంచాలు రెండూ అప్పుడే ఖాళీ అయ్యాయి. నర్సు ఆమెను ఒకదాని మీద పడుకోబెట్టి, మోచేతి మడతలో దూది పెట్టింది. ప్లాస్టర్ అంటించేలోపే కాలరక్క గుర్రు మొదలైంది.

అంతలో టకటకమని చెప్పుల చప్పుడు. వరసలో నవ్వులు ఆగిపోయాయి. లైన్ మేడమ్. కాలర్లు కుట్టే వరసకు సూపర్‌వైజర్. వయసులో కాలరక్క ఈడుదే.

"ఎక్కడ ఆ మహాతల్లి? అక్కడ చొక్కాలన్నీ మెడల్లేకుండా పడున్నాయి."

నర్సు తెరకు అడ్డంగా నిలబడింది. "రక్తం ఇచ్చిందండీ. ఇప్పుడు లేపకూడదు."

"తనా? నిలబడి నీళ్ళు తాగే ఓపిక లేదు దానికి." లైన్ మేడమ్ నర్సును తప్పించుకుని తెర లోపలికి వచ్చేసింది. నర్సూ వెనకే పరుగెత్తింది.

మేడమ్ దూది చూసింది. మంచం పక్కన చూసింది. కింద చూసింది.

"తీసిన రక్తం ఏదీ?"

నర్సు తెర సందులోంచి బయటి వరస వైపు చూసింది. ఈమె ఇక్కడ గొడవ చేస్తే కాలరక్కకు ఈ కాస్త నిద్రా పోతుంది. రేపు ఫ్యాక్టరీలో నవ్వులపాలూ అవుతుంది. డాక్టరు మాట సరేసరి, సిగ్గుతో ఇక ఎవరికీ ఏమీ చెప్పుకోదు.

లైన్ మేడమ్ వంగి కాలరక్క ముఖంలోకి చూసింది. నోరు తెరుచుకుని ఉంది. వేళ్ళకు దారప్పోగు ఒకటి చుట్టుకుని ఉంది. మేడమ్ వెనక్కి తిరిగి, తెర సందు లేకుండా లాగింది.

"మేడమ్, దయచేసి..." అని నర్సు మొదలుపెట్టేసరికి ఆమె చెప్పులు విడిచి రెండో మంచం మీద వాలింది. కళ్ళు మూసుకుని చెయ్యి చాపింది. హమ్మయ్య అనుకుని నర్సు సూది అందుకోబోయింది.

"అదేమీ వద్దు సిస్టర్," అంది లైన్ మేడమ్ కళ్ళు తెరవకుండానే. "ఎవరైనా అడిగితే నేనూ ఇచ్చానని చెప్పండి."