ఉప్పుదొర దిబ్బ

ఈశ్వర్ మూడోసారి టేపు పట్టాడు. పొడవు పదకొండు అడుగులు, వెడల్పు ఏడు, ఎత్తు ఆరున్నర. ఆ రాళ్ల దిబ్బ కింద ఎక్కడో ఒక తెల్లదొర సమాధి ఉంది. ఇప్పుడు సమాధి కనిపించదు. రాళ్లే కనిపిస్తాయి.

టేపు రెండో కొస పట్టుకున్న కొండబాబు నవ్వాడు.

“మీ మోకాళ్లు మా బోటు ఇంజినులాగ కొట్టుకుంటన్నాయి మేస్టారూ. కూకోండి.”

“రేపు పదకొండింటికల్లా రిపోర్టు ఇవ్వాలి. కూర్చుంటే మళ్లీ లేవలేను.”

కళింగపట్నం దాటాక నాలుగు కిలోమీటర్లకు వస్తుంది ఆ పల్లె. ఒడ్డు వెంట కొత్త రోడ్డు వేస్తున్నారు. గుర్తుకు పాతిన కర్రలు దిబ్బ మీదుగా పోతున్నాయి. ఇది జనం కొలిచే చోటని రుజువు చూపిస్తే రోడ్డు పక్కకు తిప్పుతామని అధికారులు అన్నారు. లేకపోతే దిబ్బ తవ్వి, ఎముకలుంటే తీసి వేరేచోట పెడతారు.

శ్రీకాకుళంలో ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పి రిటైరైన ఈశ్వర్‌ను వెతుక్కుంటూ కొండబాబే వచ్చాడు. అతనికి రెండు బోట్లున్నాయి. ఊళ్లో మాట చెల్లుతుంది.

“తవ్వితే ఊరుండదు మేస్టారూ,” అన్నాడు ఆ రోజు. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

రుజువులకు కొదవ లేదు. నెల రోజులుగా రెండు బస్సులు, ఒక ఆటో మారి వచ్చి, చూసినవన్నీ ఈశ్వర్ నోటుబుక్కులో రాసుకున్నాడు. ఏటా చేపల వేట మొదలయ్యే రోజు బోటుకొక రాయి తెచ్చి దిబ్బ మీద పెడతారు. అక్కడ అంతా ఇసక. రాయి కావాలంటే దూరంలో ఉన్న కొండ దాకా పోవాలి. అయినా తెస్తారు. చుట్ట వెలిగించి రాళ్ల సందులో గుచ్చుతారు. కల్లు పోస్తారు. ఈశ్వర్ దాన్ని ‘నైవేద్యం’ అని రాశాడు. దిబ్బ చుట్టూ తిరుగుతూ ఉప్పు జల్లుతారు. ‘ప్రదక్షిణం’. అమావాస్యకు వంతుల ప్రకారం తెల్లవార్లూ కూర్చుంటారు. ‘జాగారం’. వెళ్లేటప్పుడు దిబ్బకు వీపు చూపించరు. వెనక్కి వెనక్కి నడుస్తారు. గుళ్లో కూడా ఇంత భక్తి తాను చూడలేదని రాసుకున్నాడు.

రిపోర్టులో ఒక్క గడి ఖాళీగా ఉంది. సమాధిలో ఉన్నది ఎవరు?

జవాబు పది రోజుల కిందటే దొరికింది. చెన్నైలో పాత కాగితాల గదిలో మూడు రోజులు దుమ్ము పీల్చాక. అప్పటి నుంచి ఈశ్వర్‌కు సరిగా నిద్ర లేదు. ఇన్నేళ్లలో తెలిసి అబద్ధం రాయలేదు. ఇప్పుడు నిజం రాస్తే ఈ ఊరి దేవుడు పోతాడు. దేవుడు పోతే దిబ్బ పోతుంది.

కొండబాబు తల్లి గురమ్మ చుట్ట పట్టుకుని వచ్చింది. ఎనభై దాటిన మనిషి. దిబ్బ సంగతులన్నీ చూసుకునేది ఆమే. ఆమెకు చెప్పకుండా రాయకూడదని ఈశ్వర్ బస్సులోనే అనుకున్నాడు. మోకాళ్లు పట్టుకుని మెల్లగా ఇసకలో కూర్చున్నాడు.

“కూకోడానికే ఇంత సేపైతే రాయడానికి ఎన్నాళ్లు పడతాదో,” అంది గురమ్మ.

“అమ్మా, దొర గురించి ఒక మాట చెప్పాలి.”

“సెప్పు.”

“విన్నాక నన్ను తిట్టుకోకూడదు.”

“తిట్టాలనుంటే ఎదరే తిడతాను గానీ, సెప్పు బాబూ.”

ఈశ్వర్ కొండబాబు వైపు చూశాడు. అతను టేపు చుడుతున్నాడు.

“ఈయన మంచివాడు కాడు. ఉప్పు మీద పన్ను వసూలు చేసే దొర. ఒక ఏడు తుఫానొచ్చి పడవలు పోయాయి. తినడానికి లేదు. మడుగుల్లో ఉప్పు దానంతటదే పేరుకుంది. జనం ఏరుకుంటారని ఎద్దులతో తొక్కించి బురదలో కలిపించాడు. దోసెడు తీసుకున్నవాళ్లను ఎండలో గుంజలకు కట్టించాడు. నీళ్లు పట్టనివ్వలేదు. ఏడుగురు పోయారు. అందరూ మీ పల్లెవాళ్లే. పేర్లతో సహా కాగితంలో ఉంది.”

గురమ్మ ఏడుస్తుందనుకున్నాడు. లేకపోతే లేచి పొమ్మంటుందనుకున్నాడు. ఆమె చుట్ట వెలిగించి, ఒక దమ్ము లాగి, రాళ్ల సందులో గుచ్చింది.

“ఏడుగురు కాదు, ఎనమండుగురు,” అంది. “లక్ష్మణమ్మ కడుపుతో ఉండీది. మీ కాయితాల్లో ఆ పిల్లని లెక్కెట్టుండరు.”

ఈశ్వర్ నోటుబుక్కు తెరిచాడు. లక్ష్మణమ్మ పేరు ఉంది. కడుపు సంగతి లేదు.

“మిగతా పేర్లు కూడా తెలుసా?”

“ఆ పేర్లే కదా మేస్టారూ మేం పెట్టుకుంటన్నది,” అన్నాడు కొండబాబు. “నాకున్నదీ ఆళ్లలో ఒకడిదే.”

ఈశ్వర్ నోటుబుక్కు మూశాడు. పది రోజులుగా తాను మోస్తున్నది వీళ్లు తరాలుగా మోస్తున్నారు. అంత చేసినవాణ్ణి క్షమించి, దేవుణ్ణి చేసుకున్నారు. ఖాళీ గడిలో నిజమే రాయొచ్చు అనిపించింది. ఒక్కటే అర్థం కాలేదు.

“తెలిసి కూడా ఇన్నేళ్లుగా ఈయనకు ఎలా మొక్కుతున్నారమ్మా?”

గురమ్మ లేచింది. పక్కకు ఒరిగిన ఒక రాయిని రెండు చేతులతో సరిగ్గా కూర్చోబెట్టింది.

“మొక్కడమేటి బాబూ, ఈడు మళ్లీ లెగిసి రాకుండా మా తాతల కాలం నుంచీ కాపలా కాస్తన్నాం.”