పద్దెనిమిది క్లిప్పులు

టీచర్లెవరూ దగ్గర్లో లేరని చూసుకున్నాకే వైదేహి నోరు విప్పింది.

"పద్దెనిమిది క్లిప్పులా! సిగ్గనిపించట్లేదా నీకు?"

కాల్గరీ శివార్లలో జర్మన్ భాష నేర్పే ఆ క్యాంపులో వేరే భాష మాట్లాడితే కాలర్‌కి బట్టల క్లిప్పు తగిలిస్తారు. తనతోపాటు హైదరాబాద్ నుంచి ఎక్స్‌ఛేంజ్ స్టూడెంట్‌గా వచ్చిన నర్సింహ, బట్టలు తీసేసిన దండెంలా నిలబడ్డాడు. ఊరి పరువు గంగలో కలిపేశాడు, దరిద్రుడు!

"సిగ్గెందుకు? మాట తెల్వనప్పుడల్లా ఇంగ్లిష్‌లనో తెలుగులనో అడిగిన. జర్మన్ మాట చెప్పి క్లిప్పు పెట్టిన్రు. పద్దెనిమిది మాటలొచ్చినయ్."

"మా కాన్వెంట్‌లో తెలుగు మాట్లాడితే మెడలో బోర్డు వేసేవాళ్లు. పదేళ్లలో ఒక్కసారి కూడా నా మెడలో పడలేదు, తెలుసా?" అంటూ వైదేహి కాలర్ ఎగరేసింది. "ఇక్కడా అంతే. చూడు, ఒక్క క్లిప్పు లేదు."

నర్సింహ చూశాడు. అతని ముఖంలో నవ్వు పోయింది.

"పది రోజులైంది గదా వైదేహీ. ఎవ్వరితోని మాట్లాడలేదా?"

జవాబు నోటిదాకా వచ్చింది. చెప్పేముందు వైదేహి చుట్టూ చూసింది, ఎవరైనా వింటున్నారేమోనని.