పదహారు నిమిషాల్లో కొండ

"ఎట్లుండాదన్నా టర్బో?" పక్క సీట్లోంచి మెకానిక్ ధనశేఖర్ అడిగాడు.

ఐరాల మునిచంద్ర మీసం దువ్వాడు. రేణిగుంట షెడ్డులో, ఇంజను జోరు పెంచే ఆ పాత టర్బోను తన స్పోర్ట్స్ కారుకు బిగించి, చక్రాలతో నిమ్మకాయలు తొక్కించి, నేరుగా తిరుమల ఘాట్ రోడ్డెక్కారు.

"పదహారు నిమిషాల్లో పైకొచ్చేసినాం సూడు! ఇంత బంగారాన్ని ఎవురప్పా అమ్ముకునింది?"

"ఈడ ఆపన్నా. ఈ మలుపు దాటితే గేటు."

"ఆపేదెందుకు?"

"కింద గేటు కాడ చీటీలో టైమేసినారు గదా! ఇరవై ఎనిమిది నిమిషాలు కాకముందే పోతే ఫైనేస్తారు."

మునిచంద్ర కారు పక్కకు తీశాడు. కాసేపటికి, వాళ్లు దాటొచ్చిన బస్సు హారన్ కొట్టుకుంటూ ముందుకెళ్లిపోయింది.

"ఈ మాట షెడ్డులోనే సెప్పకూడదా?"

ధనశేఖర్ సీటు వెనక్కి వాల్చాడు.

"ఈ టర్బో అమ్మినాయన గూడా ఈడనే ఆపి, ఇదే అడిగినాడన్నా."