వంటింటి తలుపు చట్రం

సాయంత్రం ఎల్డన్ తన కాఫీ కప్పు ఒక్కటే పట్టుకుని ఇల్లు వదిలి బయల్దేరాడు.

"ఎక్కడికి?" అడిగింది మార్లిస్.

"స్టేషన్ వెనకాల గది దొరికిందిలే పిల్లా."

"నా అప్పులవాళ్లు తలుపు కొడతారని పారిపోతున్నావా?"

ఆయన నవ్వి గడప దాటాడు.

మార్లిస్ తల్లికి ఆయన రెండో మొగుడు. 'ఎల్డన్ బతికున్నన్నాళ్లూ ఇల్లు ఆయనది, ఆ తర్వాత నా కూతురిది' అని వీలునామా రాసి తల్లి కన్నుమూసింది. నడుపుతున్న హోటల్ మునిగిపోయి మార్లిస్ ఆ ఇంటికే తిరిగొచ్చింది.

ఎంత బాగుండేదో అప్పట్లో ఆ ఇల్లు! మంచు పడే రోజుల్లో అమ్మ మాంసం, చిక్కుడు గింజలతో చిల్లీ కూర వండేది, పక్కన వేడివేడి దాల్చినచెక్క రోల్స్. వంటింటి తలుపు చట్రం మీద ఏటా మార్లిస్ ఎత్తు పెన్సిల్‌తో గీసేది.

ఎల్డన్ వంటిల్లంతా రంగేసి ఆ చట్రం మాత్రం వదిలేశాడు. ఒట్టి బద్ధకస్తుడు, అనుకునేది మార్లిస్.

ఎల్డన్ వెళ్లిన మర్నాడే ఆమె కాన్సస్ కోర్టులో దివాలా పిటిషన్ వేసింది.

చలికాలంలో ఎల్డన్ ఆ గదిలోనే పోయాడు. ఆమె ఒక్కసారీ చూడ్డానికి వెళ్లలేదు.

"ఇంక ఇల్లు నాదేగా! కాన్సస్ చట్టంలో ఉంటున్న సొంతిల్లు అప్పులవాళ్లు ముట్టుకోకూడదుగా?" లాయర్ హైడీని అడిగింది. తన గొంతులో సంతోషానికి తనకే సిగ్గేసింది.

"కోర్టు చూసేది మీరు పిటిషన్ వేసిన రోజుని. అప్పటికి ఆయన బతికే ఉన్నారు. ఎప్పుడో రాబోయే ఇల్లు సొంతిల్లెలా అవుతుందని అవతలివాళ్ల వాదన."

"పోయి కూడా అక్కరకు రాలేదన్నమాట!"

హైడీ ఒక కాగితం ముందుకు జరిపింది. "రిజిస్ట్రేషన్ ఆఫీసులో నిన్న దొరికింది. చదవండి."

'ఇంటి మీద నాకున్న హక్కు ఇవాళే వదులుకుంటున్నాను. ఇకనుంచి ఇల్లు మార్లిస్‌ది.' కింద ఎల్డన్ సంతకం.

"నాకెందుకు చెప్పలేదు?"

"అక్కడి గుమస్తా అదే అడిగాట్ట. 'ఆ పిల్లకి ఉన్న అప్పులు చాలవా, నా బాకీ కూడా ఎందుకు' అన్నారట ఎల్డన్."

కాగితానికి ఒక చీటీ గుచ్చి ఉంది. 'వంటింటి చట్రానికి రంగెయ్యకు పిల్లా. అవి మీ అమ్మ గీసిన గీతలు.'

మార్లిస్ కళ్లు తుడుచుకుని తేదీ చూసింది. తాను పిటిషన్ వేసిన రోజుకి ముందురోజు.

'పారిపోతున్నావా' అని తాను అడిగిన సాయంత్రానికే, ఎల్డన్ ఆ ఇల్లు ఆమెకిచ్చేసి పరాయివాడిగా గడప దాటుతున్నాడు.